బ్యాటరీ ఎవరి పేరు మీద?

వరంగల్‌లో నవజీవన్ ఎక్కినవాళ్లు సూరత్ ఎప్పుడొస్తుందని ఎవరినీ అడగనక్కర్లేదు. బోగీలో సగం మంది అక్కడే దిగుతారు. చెన్నై నుంచి అహ్మదాబాద్ పోయే ఈ బండి తెలంగాణ పద్మశాలీలకు సొంత బండి కింద లెక్క. కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల్లో మగ్గం మూలపడ్డ ఇళ్ల నుంచి మూడు తరాలుగా మనుషులు సూరత్ పోతున్నారు. పెళ్లికని, బతుకమ్మకని, చావుకని ఊరికొచ్చి మళ్లీ ఇదే బండిలో తిరిగి వెళ్తారు. మా ఎదురు బెర్తు కింద సకినాల డబ్బా, కారప్పొడి సంచీ, పాత చీరలో చుట్టిన పచ్చడి జాడీ ఉన్నాయి. ఆ జాడీ కుదుపుకు కదలకుండా ఒక ముసలమ్మ రాత్రంతా కాలు అడ్డం పెట్టుకునే పడుకుంది.

నా పక్క సీట్లో నా స్నేహితురాలు. సికింద్రాబాద్‌లో ఆడియాలజిస్టు. సూరత్‌లోని లింబాయత్ తెలుగువాళ్లు సంఘంగా చేరి చందాలు పోగుచేసి, చెవులు వినపడని పిల్లలకు మిషన్లు ఇప్పిస్తున్నారు. అక్కడ ఆడియాలజిస్టులు లేక కాదు ఈమెను పిలిపించింది, తల్లులతో తెలుగులో మాట్లాడే మనిషి కోసం. ఒప్పుకునే ముందు ఈమె ఫోన్లోనే ఒక షరతు పెట్టింది. పరీక్షలన్నీ ముందే, సౌండ్‌ప్రూఫ్ గది ఉన్న చోట, చెయ్యించాలి. ఫంక్షన్ హాల్లో మైకు పక్కన కూర్చోబెట్టి చెవులు పరీక్షించమంటే టికెట్ క్యాన్సిల్ చేసుకుంటానంది. పసిపిల్లలైతే నిద్రపుచ్చి, తలకు తీగలు అంటించి, చప్పుడుకు మెదడు పలుకుతున్నదా లేదా చూసే బేరా పరీక్ష చెయ్యాలి. దానికి పెళ్లి మండపం పనికిరాదు.

తెల్లవారేసరికి జల్‌గావ్ దగ్గర అరటి తోటలు, ఆ తర్వాత నందుర్బార్ మిరప కళ్లాలు. తపతి లోయ దారి ఇది. మహారాష్ట్ర అయిపోయి గుజరాత్ మొదలయ్యే చోట నవాపూర్ స్టేషన్ ఉంది. రెండు రాష్ట్రాల సరిహద్దు స్టేషన్ మధ్యలోంచే పోతుంది. అక్కడి ఒక బెంచీ సగం మహారాష్ట్రలో, సగం గుజరాత్‌లో ఉంటుంది. దాని మీద కూర్చుని ఫొటో దిగడం దారిన పోయేవాళ్లకు సరదా. బెంచీ రెండు రాష్ట్రాల్లో ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు. రేషన్ కార్డు ఒక రాష్ట్రంలో, కాపురం ఇంకో రాష్ట్రంలో ఉన్న మనిషికి ఎంత ఇబ్బందో లింబాయత్‌లో విన్నాను.

ఉధ్నా జంక్షన్ వస్తుండగానే సాంచెల, అంటే మరమగ్గాల, చప్పుడు మొదలైంది. సూరత్ అంటే చదువుకున్నవాళ్లకు తపతి ఒడ్డున ఇంగ్లీషువాళ్లు పదిహేడో శతాబ్దం మొదట్లో పెట్టుకున్న వర్తక స్థావరం, మక్కా యాత్రికుల ఓడరేవు. పేపర్లు చదివేవాళ్లకు వజ్రాలు: ప్రపంచంలో సాన పట్టే వజ్రాల్లో పదింట తొమ్మిది ఇక్కడివేనంటారు. కొంచెం వయసున్నవాళ్లకు 1994 సెప్టెంబరు నాటి ప్లేగు. లక్షల మంది రైళ్ల మీద వేలాడుతూ ఊరొదిలి పారిపోయారు. ఆ మరుసటి ఏడాది మునిసిపల్ కమిషనర్‌గా వచ్చి, మురికికి మారుపేరైన ఊరిని దేశం తిరిగి చూసేలా శుభ్రం చేయించినాయన మన తెలుగు ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. రావు. స్టేషన్లో మమ్మల్ని దింపుకోవడానికి వచ్చిన పెద్దమనిషి ఆటోలో కూర్చోగానే మొదట చెప్పింది ఆయన సంగతే. "మా రావు సాబ్" అన్నాడు, మేనమామ గురించి చెప్పినట్టు.

లింబాయత్ సూరత్‌కు తూర్పు పక్క. ఖాందేశ్ నుంచి వచ్చిన మరాఠీలు, తెలుగువాళ్లు, ఉత్తరాది వాళ్లు ఇరుక్కుని ఉండే పేట. కింద కార్ఖానా, పైన కాపురం. మెట్లు ఎక్కుతుంటే చేతికింద గోడ సన్నగా వణుకుతుంది. గుజరాతీ దుకాణం బోర్డు కింద తెలుగులో 'కల్లుప్పు దొరుకును' అని సుద్దతో రాసి ఉంది. సందు చివర మునిసిపల్ బడి. ఈ ఊరి కార్పొరేషన్ గుజరాతీతో పాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాల్లోనూ ప్రాథమిక బడులు నడుపుతుంది. మన రాష్ట్రాల్లోనే తెలుగు మీడియం ఉండాలా పోవాలా అని కొట్టుకుంటున్న రోజుల్లో, సూరత్ కార్పొరేషన్ జీతమిచ్చి తెలుగు పంతుళ్లను పెట్టుకోవడం నాకు వింతగానూ, కాస్త సిగ్గుగానూ అనిపించింది.

మధ్యాహ్నం పోంక్ పెట్టారు. చలికాలంలో లేత జొన్న కంకుల్ని నిప్పుల మీద కాల్చి రాల్చిన గింజలు, పైన నిమ్మ, మిరియం వేసిన సన్న సేవ్. సూరతీలు దీని కోసం ఏడాదంతా ఎదురు చూస్తారు. "మా ఊస బియ్యమే గదా" అని ఇంటామె తీసిపారేసింది. "గీళ్లు పావుకిలో లెక్కన అమ్ముతరు. మేం చేను గట్టున కూసోని కడుపునిండ తిన్నం."

ఆమె మనవరాలి కోసమే మేం ఆ ఇంటికి వెళ్లింది. నాలుగేళ్లు నిండిన పిల్ల. రెండు చెవుల్లోనూ ఎనభై డెసిబెల్స్ దగ్గర లోపం. అంటే మామూలు మాట అసలు చేరదు, చెవి దగ్గర అరిస్తే ఏదో ఉన్నట్టు తెలుస్తుంది. ఆడియాలజిస్టులు వాడే 1-3-6 అనే లెక్క ఒకటుంది: పుట్టిన నెలలోగా స్క్రీనింగ్, మూడో నెలకల్లా నిర్ధారణ, ఆరో నెలకు చెవికి మిషన్. ఈ పిల్ల సంగతి ఇంట్లో తెలిసేసరికే రెండేళ్లు దాటాయి. పిలిస్తే పలకదని ఎవరికీ పట్టలేదు, ఆ ఇంట్లో ఎవరినీ పేరు పెట్టి పిలవరు కాబట్టి. భుజం తట్టి పిలుస్తారు. కింద పొద్దస్తమానం ఆడే సాంచెల పైన బతికే ఇంట్లో అందరికీ అదే అలవాటు. పిల్ల కూడా వాళ్లలో ఒకతే అనుకున్నారు. ఒకసారి ఊరికి పోయినప్పుడు, నిశ్శబ్దంగా ఉండే అమ్మమ్మ ఇంట్లో, ఇత్తడి బిందె దొర్లిపడినా పిల్ల తిరిగి చూడలేదు. అప్పుడు తెలిసింది.

పిల్లకు చెవుడు సాంచెల వల్ల రాలేదు. పుట్టుకతో వచ్చింది. అమ్మానాన్నలది మేనరికం. రెండు వైపులా అణిగి ఉన్న జన్యు లోపం దగ్గరి పెళ్లిళ్లలో ఒకచోట చేరడానికి అవకాశం ఎక్కువ. పుట్టు చెవుడుకు కారణాల్లో అదొకటి. గుజరాతీ డాక్టరు ఫారం నింపుతూ "భార్యాభర్తలు చుట్టాలా?" అని అడిగి, "నా సొంత మేనత్త కొడుకే" అని పిల్ల తల్లి మామూలుగా చెబితే పెన్ను ఆపి చూశాడట. ఇక్కడి హిందువుల్లో చాలా కులాలకు అది ఊహకందని వరస. ఆ చూపు ఆ తల్లికి ఇంకా గుర్తుంది. "నేనే తప్పు చేసినట్టు సూసిండు" అంది. కామెర్లు ముదరడం, మెదడు వాపు, గర్భిణికి రుబెల్లా సోకడం, చెవికి చేటు చేసే కొన్ని ఇంజెక్షన్లు, ఏళ్ల తరబడి కారే చెవి, ఇవీ పిల్లల వినికిడి తీసేస్తాయి. పిల్లల్లో కనిపించే వినికిడి లోపంలో దాదాపు 60 శాతం నివారించదగ్గదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన దేశంలో 2017లో తట్టు-రుబెల్లా టీకా పెద్ద ఎత్తున మొదలైనప్పుడు అది చెవులకూ సంబంధించిన టీకా అని తల్లులకు చెప్పినవాళ్లు ఎంతమందో!

తండ్రి సంగతి వేరు. ఆయన చెవులు తిన్నది మటుకు సాంచెలే. ఇనుప సాంచెలు వరసగా ఆడే షెడ్డులో చప్పుడు వంద డెసిబెల్స్ చుట్టుపక్కల ఉంటుంది. మన ఫ్యాక్టరీల నిబంధన ఎనిమిది గంటల పనికి తొంభై దాటొద్దంటుంది. డెసిబెల్స్‌లో పది పెరిగితే చప్పుడు తీవ్రత పది రెట్లు అయినట్టు. పైగా ఇక్కడ పాళీ పన్నెండు గంటలు. చెవిలో పెట్టుకోవడానికి దూది కూడా ఉండదు. ఉన్నా పెట్టుకోరు, దారం తెగిన చప్పుడు తెలియదని. ఇంగ్లండులో లాంకషైర్ మిల్లుల్లో నేతపని చేసిన ఆడవాళ్లు ఆ హోరులో పెదాల కదలికతోనే ఊరి కబుర్లన్నీ చెప్పుకునేవాళ్లట. ఈయనకూ ఆ విద్య వచ్చు. షెడ్డుకు ఈ మూల నుంచి ఆ మూలకు "చాయ్ తాగుదామా" అని పెదాలతో అడుగుతాడు, జవాబు పెదాల మీదే చదువుకుంటాడు. ఇంట్లో కూతురితో అందరికంటే తేలిగ్గా మాట్లాడేది ఆయనే. ఎదురుగా కూర్చుని, వెలుతురు తన మొహం మీద పడేలా చూసుకుని, ఒక్కో మాట పెదాలతో చేసి చూపిస్తాడు. ఈ పద్ధతి ఎవరు నేర్పారని నా స్నేహితురాలు అడిగితే కిందికి, కార్ఖానా వైపు, వేలు చూపించాడు. నువ్వూ పరీక్ష చేయించుకో అన్నా, అంటే మాత్రం నవ్వి ఊరుకున్నాడు.

ఇప్పుడు కార్డుల సంగతి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ చేస్తారు. కానీ వీళ్ల కాపురం, పని ఇక్కడ. ఆపరేషన్ తర్వాత ఏళ్ల తరబడి థెరపీకి తిరగాలంటే ఊళ్లో ఉండాలి, ఊళ్లో ఉంటే పని లేదు. గుజరాత్ పథకాలకు గుజరాత్ కాగితాలు కావాలి. అద్దె ఇల్లు మారినప్పుడల్లా కాగితం పాతబడుతుంది. కేంద్రం నడిపే అడిప్ పథకానికి మాత్రం ఈ పేచీ తక్కువ. 1981 నుంచీ ఉన్న పథకమిది. వికలాంగులకు కావాల్సిన పరికరాలు ఇస్తుంది. కాన్పూర్‌లోని అలిమ్‌కో తయారుచేసే, సరఫరా చేసే చెవి మిషన్లు దీని కిందే వస్తాయి. 2014లో సవరించినప్పుడు కాక్లియర్ ఇంప్లాంట్‌కు 6 లక్షల రూపాయల దాకా ఇవ్వొచ్చన్నారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టు చెవుడు కూడా వెతికి పట్టుకోవాల్సిన జబ్బుల జాబితాలో ఉంది. పథకాలు లేవని కాదు నా ఫిర్యాదు. పాళీ పోగొట్టుకుని వరసలో నిలబడితే తప్ప అవి కనిపించవు.

మర్నాడు మిషన్లు ఇచ్చే కార్యక్రమం. వేదిక మీద మార్కండేయ స్వామి పటం, పక్కన దాతల ఫ్లెక్సీ. సూరత్ దానధర్మాల ఊరు. వజ్రాల వ్యాపారులు, రింగ్ రోడ్డు బట్టల మార్కెట్ సేఠ్లు ఇవ్వడానికి వెనకాడరు. నడవలేని స్థితిలోనూ డిజేబుల్ వెల్ఫేర్ ట్రస్ట్‌ను నిలబెట్టి పద్మశ్రీ అందుకున్న కానూభాయ్ టైలర్ ఈ ఊరివాడే. అయితే లింబాయత్ చందాలో నాకు నచ్చింది పెద్ద చెక్కులు కాదు. బతుకమ్మ ఆడినచోట ఆడవాళ్లు పళ్లెం తిప్పారట. కార్మికులు ఒక పాళీ కూలి రాశారు. ఒక మరాఠీ చాయ్‌వాలా ఒక ఆదివారం అమ్మకమంతా డబ్బాలో వేశాడు. తన పిల్లలకు ఏ లోపమూ లేదు, ఈ సంఘం భాషా ఆయనకు రాదు.

మిషన్ పెట్టించుకున్న తొలి పిల్ల మేం ఇంటికెళ్లి చూసిన ఆ నాలుగేళ్ల అమ్మాయే. అంతకుముందే చెవుల్లో మెత్తటి ముద్ద పెట్టి అచ్చు తీసి, కొలతకు మోల్డులు చేయించారు. నా స్నేహితురాలు మోల్డు చెవిలో తిప్పి కూర్చోబెట్టి, మిషన్ చెవి వెనక తగిలించి, ఆన్ చేసింది. చుట్టూ ఫోన్లు లేచాయి. ఇంటర్నెట్‌లో అందరం చూసే ఉంటాం: పాప కళ్లు పెద్దవి చేసుకుని నవ్వుతుంది, తల్లి కన్నీళ్లు తుడుచుకుంటుంది. లింబాయత్‌లో పిల్ల గావుకేక పెట్టింది. రెండు చేతులతో మిషన్ పీకి కుర్చీ కిందకి విసిరేసింది. నాలుగేళ్లుగా నిశ్శబ్దంలో ఉన్న తలలోకి ఒక్కసారిగా ఫంక్షన్ హాలంతా వచ్చి పడితే ఇంకేం చేస్తుంది? ఫోన్లు పట్టుకున్నవాళ్లు నిరాశపడ్డారు. ఒకాయన "ఇంకోసారి పెట్టండమ్మా, నవ్వుతుందేమో" అన్నాడు. నా స్నేహితురాలు మిషన్ తీసుకుని తుడిచి జేబులో వేసుకుంది. "రేపు ఇంట్లో పెడతాను, మీ ఫొటో ఇవాళ్టికి లేదు" అంది.

అక్కడ నాకొక సంగతి తట్టింది. మన దేశంలో వైద్య దానమంటే కంటి శిబిరం. 1925లో హెలెన్ కెల్లర్ అమెరికాలో లయన్స్ క్లబ్ సభలో నిలబడి గుడ్డివాళ్లకు అండగా ఉండమని అడిగింది. ఆనాటి నుంచి లయన్స్ వాళ్లు కళ్లను పట్టుకున్నారు. మన తాలూకా కేంద్రాల్లోనూ లయన్స్ కంటి ఆసుపత్రులు వెలిశాయి. ఆమె అటు చూపూ లేని, ఇటు వినికిడీ లేని మనిషి. చెవుల కోసం అడిగి ఉంటే మన శిబిరాలు ఎలా ఉండేవో. శుక్లం తీసిన కంటికి మర్నాడు కట్టు విప్పగానే మనవడి మొహం కనిపిస్తుంది. దాత చూస్తుండగానే దానం ఫలిస్తుంది. ఆ లెక్కకు అలవాటుపడ్డ చేతులతోనే చెవి మిషన్లూ పంచుతున్నాం. చెవి అలా కాదు. మిషన్ పెట్టిన రోజున చేరేది చప్పుడే, మాట కాదు. ఫ్యాను చప్పుడుకీ అమ్మ గొంతుకీ తేడా తెలియడానికి వారాలు పడుతుంది. 'అమ్మ' అని విన్నది 'అమ్మ' అని అర్థం కావడానికి నెలలు, నోటితో అనడానికి ఇంకొన్ని నెలలు. అప్పటికి ఫ్లెక్సీ చిరిగిపోయుంటుంది.

ఆ నెలలన్నీ నడవాలంటే ఏం కావాలో మరుసటి రోజు ఆ ఇంట్లో చూశాను. మొదట బ్యాటరీ. గుండీ అంత జింక్-ఎయిర్ బ్యాటరీ. పైన అంటించిన చిన్న స్టిక్కరు పీకితే గాలి లోపలికి పోయి పని మొదలవుతుంది. పీకాక ఒక నిమిషం ఆగి పెట్టాలి. మళ్లీ స్టిక్కరు అతికించి దాచుకుందామంటే కుదరదు. గాలి తగిలాక వాడినా వాడకపోయినా అది అయిపోతూనే ఉంటుంది. బాగా శక్తి ఉన్న మిషన్‌లో రోజంతా వాడితే వారం పదిరోజులు, మహా అయితే రెండు వారాలు వస్తుంది. రెండు చెవులకు నెలకో కార్డు పడుతుంది. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే రెండు కార్డులు. హియరింగ్ ఎయిడ్ మీద జీఎస్టీ లేదు, బ్యాటరీ మీద ఉంది. ఇదేం తర్కమో నాకు అంతుపట్టలేదు.

తర్వాత మోల్డు. పిల్లతో పాటు చెవీ పెరుగుతుంది. కొన్ని నెలలకే మోల్డు వదులై, సందులోంచి శబ్దం బయటికి కారి మళ్లీ మైకులోకి పోయి, కీ... అని ఈల మొదలవుతుంది. ఈల వింటే ఇంట్లోవాళ్లు మిషన్ చెడిపోయిందనుకుని బీరువాలో పెడతారు. సూరత్ గాలిలో తేమ ఎక్కువ, వానాకాలంలో మిషన్ గొట్టంలో నీటి బిందువులు నిలుస్తాయి. రాత్రిపూట సిలికా గింజలున్న డబ్బాలో పెట్టాలి. ఈ బీరువాలోకి పోయిన మిషన్ల కథే నా స్నేహితురాలి వృత్తి జీవితమంతా. తెలంగాణ పల్లెల్లో బంగారంతో పాటు భద్రంగా గుడ్డలో చుట్టి దాచిన మిషన్లు ఎన్నో చూశానంది. ఇచ్చినవాళ్ల లెక్కలో మాత్రం ఆ పిల్లలందరూ వింటూనే ఉంటారు.

అన్నిటికన్నా చిక్కు, భాష. పిల్ల ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, దుకాణంలో గుజరాతీ. అంతకుముందు చూసిన ఒక థెరపిస్టు, ఇన్ని భాషలు పిల్లకు గందరగోళం, హిందీ ఒక్కటే మాట్లాడండి అన్నారట. తల్లి అప్పటి నుంచీ తనకు సరిగా రాని హిందీలో "పానీ పీవో, ఖానా ఖావో" అని నాలుగు ముక్కలు అని ఊరుకుంటోంది. పాట లేదు, తిట్టు లేదు, బతిమాలడం లేదు, చందమామ రావే లేదు. నా స్నేహితురాలికి అక్కడ నిజంగా కోపమొచ్చింది. "నీకు ఏ భాషలో కోపమొస్తదో, ఏ భాషలో ముద్దొస్తదో ఆ భాషలనే మాట్లాడమ్మా. హిందీ తర్వాత వస్తది, వీధి నేర్పుతది" అంది. అమ్మానాన్నలకు బాగా వచ్చిన భాషలోనే పిల్లతో ఎక్కువ మాట్లాడాలన్నది ఇప్పటి ఆడియాలజిస్టులు మామూలుగా ఇచ్చే సలహా. కానీ ఊరు మారినవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆ సలహా తప్పిపోతోంది.

ఆ తల్లికి ఆరు శబ్దాల పరీక్ష నేర్పింది. డేనియల్ లింగ్ అనే ఆయన తయారుచేసిన పద్ధతి: ఆ, ఈ, ఊ, మ్, ష్, స్. మాటల్లోని లావు శబ్దాల నుంచి సన్న శబ్దాల దాకా అన్నీ ఈ ఆరింటిలో వచ్చేస్తాయి. రోజూ పొద్దున మిషన్ పెట్టాక పిల్ల వెనక నిలబడి ఒక్కొక్కటీ పలకాలి. విన్నప్పుడల్లా పిల్ల గిన్నెలో ఒక చింతగింజ వెయ్యాలి. 'స్' వినడం మానేస్తే బ్యాటరీయో, గొట్టమో, మోల్డో ఏదో తేడా చేసిందని లెక్క. ఖర్చు లేని పరీక్ష. తల్లి విని, కింది నుంచి వస్తున్న హోరు వైపు చూసి, "ఈ సప్పుడుల 'స్' నాకే ఇనబడదు గదక్కా" అంది. చివరికి వారపు సెలవు నాడు సాంచెలు ఆగినప్పుడు ఒకసారి, మిగతా రోజుల్లో డాబా మీద నీళ్ల ట్యాంకు వెనక అని ఒప్పందం కుదిరింది.

ఆ సందులోనే ఇంకో పిల్లాడు. మిషన్‌తో ఏమీ తేలనంత లోపం. వాళ్లు తెల్లవారుజామున ఫ్లయింగ్ రాణి ఎక్కి, బోరివలిలో దిగి లోకల్ పట్టుకుని బాంద్రా వెళ్లి వస్తున్నారు, ఇంప్లాంట్ కోసం. అక్కడి వినికిడి లోపాల జాతీయ సంస్థకు పేరు అలీ యావర్ జంగ్‌ది. మన హైదరాబాదీ. ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా చేసి, మహారాష్ట్ర గవర్నరుగా ఉంటూ 1976లో కన్నుమూశాడు. 1983లో పెట్టిన ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోనూ ఉంది. పుట్టిన ఊరికి దగ్గరగా ఒకటి, పని చేసే ఊరికి దగ్గరగా ఒకటి. రెంటికీ పేరు ఒకటే, ఈ కుటుంబం రెంటి మధ్యా తిరుగుతోంది. ఇంప్లాంట్ కుదరకపోతే సైగల భాష నేర్పిస్తామని తండ్రి అన్నప్పుడు, ఆ మాట ఓటమిలా అనాల్సిన పని లేదని నా స్నేహితురాలు గట్టిగా చెప్పింది. భారతీయ సైగల భాషకు 2015 నుంచి ఢిల్లీలో జాతీయ కేంద్రం ఉంది, నిఘంటువు ఉంది. అందులో సూరత్, సిరిసిల్ల అని హద్దులూ పెద్దగా లేవు. ఇంప్లాంట్ అయినా సైగలు నేర్పండి, రెండూ ఉంటే పిల్లాడికి నష్టమేమిటి అంది. ఈ విషయంలో ఆమె వృత్తిలో అందరూ ఆమెతో ఏకీభవించరు. నేను ఏకీభవిస్తాను.

వచ్చే ముందు రాత్రి సంఘం పెద్దలు కూర్చున్నారు. నా స్నేహితురాలు తన లెక్క చెప్పింది. మామూలు డిజిటల్ మిషన్ అడిప్ కింద వస్తుంది. వరసలో నిలబడి, ఆదాయం సర్టిఫికెట్ తెప్పించి, ఆ కాగితాలు నడిపే మనిషిని పెట్టండి, మిషన్ల మీద మీ డబ్బు తగ్గుతుంది. సర్కారు ఇవ్వనిది మీరు ఇవ్వండి. ప్రతి పిల్లకూ మూడేళ్ల బ్యాటరీలు, మోల్డులు, తెలుగులో మాట్లాడే థెరపిస్టు వారానికొకసారి. మొత్తం చందాలో మిషన్ భాగం సగం కూడా ఉండకూడదు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. రింగ్ రోడ్డులో చీరల దుకాణమున్న ఒకాయన గొంతు సవరించుకున్నాడు. మంచివాడు, అందరికంటే ఎక్కువ రాసినవాడు. "మేడమ్, మిషన్ ఇస్తే డబ్బా మీద మా నాయిన పేరు రాపిస్తం. బ్యాటరీ మీద ఎవరి పేరు రాయాలె?" అందరూ నవ్వారు గానీ ఆయన నవ్వులాటకు అడగలేదు. పేరు లేకుండా దానం చెయ్యమనడం సులువే, చేసేవాళ్లను రాబట్టడం సులువు కాదు. డైయింగ్ మిల్లులో లెక్కలు రాసే కుర్రాడు ఒక ఉపాయం చెప్పాడు. ఒక్కో పిల్లకు ఒక్కో దాతను మూడేళ్లకు రాయించుకుందాం, ఏటా మార్కండేయ జయంతికి ఆ పిల్ల ఎంతవరకు వచ్చిందో ఆ దాతకే చెబుదాం. సేఠ్ ఆలోచించి, మూడేళ్లు కాదు, రెండేళ్లకు ఒప్పుకుంటానన్నాడు. బేరం అక్కడ ఆగింది.

థెరపిస్టు వచ్చేది బుధవారం మధ్యాహ్నం అని తేల్చారు, ఆ రోజే గది ఖాళీ. గుమ్మం దగ్గర నిలబడి వింటున్న నాలుగేళ్ల పిల్ల తల్లి అప్పుడు అడిగింది. ఆమె కండెలు చుట్టే పనికి పోతుంది, కిలో లెక్కన కూలి. "బుధారం రమ్మంటే వస్త సారు. ఆ పూట కూలి ఎవలిస్తరు?"

లెక్కలు రాసే కుర్రాడు కాగితం తిప్పి, థెరపిస్టు జీతం కింద ఇంకో గీత గీసి, అది కూడా రాశాడు. ఎదురుగా అంకె మాత్రం ఇంకా వెయ్యలేదు.